అమ్మ రోజూ మేడ మీద కోతులకు పళ్ళు పెడుతున్నారు, ఆపించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయినప్పటి నుంచి, అంటే మూడేళ్ళుగా, అమ్మ రోజూ పొద్దున మేడ మీద కోతులకు అరటిపళ్ళు, చపాతీలు పెడుతున్నారు. ఆమె జోలికి అవి ఒక్కసారి కూడా రాలేదు. కానీ పోయిన వారం పక్కింటి ఆరేళ్ళ పాప చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కుంటూ ఒక కోతి రక్కింది. కాలనీలో గొడవైంది. అమ్మేమో "స్వామి స్వరూపాలు, నోటి దగ్గర కూడు తీసేస్తే పాపం" అంటున్నారు. ఇందులో నిజంగా ప్రమాదం ఉందా, ఉంటే ఎలా ఆపాలి అని అడిగారు.

నేను ఉత్తర తెలంగాణ జిల్లాల్లో 29 ఏళ్ళు పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. అటవీ శాఖ వాళ్ళు పిలిచినప్పుడల్లా కోతులకు వైద్యం చేశాను, చనిపోయిన వాటికి పోస్ట్‌మార్టం కూడా చేశాను. మీ అమ్మగారి లాంటి వాళ్ళతో కూర్చుని మాట్లాడిన రోజులూ చాలా ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు పాప సంగతి. వారం గడిచింది కదా అని ఊరుకోవద్దు. కోతి రక్కిన చోట చర్మం గీసుకుపోయినా రేబిస్ వ్యాక్సిన్ వేయించాలి. రక్తం కనిపించి ఉంటే అది మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా తీవ్రమైన రకం గాయం కింద లెక్క, వ్యాక్సిన్‌తో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల) ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. కండకు వేసే పద్ధతిలో అయితే మొదలుపెట్టిన రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు డోసులు ఉంటాయి. చర్మంలోకి వేసే పద్ధతిలో 14వ రోజు డోసు ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారు. ఆలస్యమైనా సరే వెళ్ళాల్సిందే. కుక్క కరిచినప్పుడు "పది రోజులు కుక్కను గమనించండి" అంటారు కదా, ఆ మాట కోతికి వర్తించదు. కోతుల్లో రేబిస్ కుక్కల్లో అంత ఎక్కువ కనిపించదు, కానీ వస్తుంది. వస్తే మందు లేదు. ఇకముందు ఎవరిని రక్కినా, కరిచినా వెంటనే సబ్బు పెట్టి పంపు నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, కాఫీ పొడి, పసుపు లాంటివేవీ పెట్టకూడదు. డాక్టరుకు "ఏదో గీరుకుంది" అని చెప్పకుండా "కోతి" అనే చెప్పండి. కోతుల నుంచి బి వైరస్ అనే మరో జబ్బు కూడా రావచ్చు. అది చాలా చాలా అరుదు, ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా నమోదైన కేసులు వంద లోపే. దానికోసం టెన్షన్ పడొద్దు గానీ, తర్వాతి వారాల్లో గాయం దగ్గర పొక్కులు, తిమ్మిరి, జ్వరం వస్తే డాక్టరుకు ఈ సంగతి గుర్తుచేయాలి. ఈ కబురు ఈ రోజే పక్కింటివాళ్ళకు మీరే వెళ్ళి చెప్పండి. కుదిరితే ఆసుపత్రికి మీరూ వెంట వెళ్ళండి. గొడవ సగం అక్కడే చల్లారుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. "మూడేళ్ళలో నన్ను ఒక్కసారి ముట్టుకోలేదు" అని అమ్మ అంటున్న మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నా సర్వీసులో రోజూ తిండి పెట్టే మనిషిని కోతి కరిచిన కేసులు చాలా తక్కువ చూశాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ పెట్టనివాళ్ళే. స్కూలు బ్యాగుతో వెళ్తున్న పిల్లలు, కూరగాయల సంచితో వస్తున్న ఆడవాళ్ళు, గుడి నుంచి కొబ్బరి చిప్ప పట్టుకొస్తున్న ముసలివాళ్ళు. మీ అమ్మ చేతి నుంచి కోతి నేర్చుకునేది "ఈమె మంచిది" అని ఒక్కటే కాదు. మనిషి చేతిలో తిండి ఉంటుంది, దగ్గరికి వెళ్తే ఇస్తారు అని నేర్చుకుంటుంది. ఆ పాఠాన్ని అది మీ వీధిలో ప్రతి మనిషి దగ్గరా ప్రయోగిస్తుంది. అమ్మ ఇస్తుంది, పాప ఇవ్వలేదు. ఇవ్వకపోతే లాక్కుంటుంది, లాక్కుంటే పాప గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడే గోరు తగులుతుంది. పెట్టిన చేయి క్షేమంగా ఉంటుంది, దెబ్బ వేరే చేతికి తగులుతుంది. అందుకే పెట్టేవాళ్ళకు ఇందులో ప్రమాదం ఎప్పటికీ కనిపించదు. అమ్మకు దీన్ని నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పగలిగితే మిగతాదంతా తేలిక.

అడవిలో కోతి ఎలా తింటుందో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఒక పెద్ద మర్రి మీద ముప్పై కోతులున్నా ఒక్కోటి ఒక్కో కొమ్మ మీద ఉంటుంది. మేడి, జువ్వి, తునికి, నేరేడు, చిగుళ్ళు, పురుగులు, ఇలా ఎక్కడికక్కడ దొరికింది ఏరుకుంటూ రోజులో చాలా భాగం తిరుగుతూనే ఉంటాయి. మేడ మీద డజను అరటిపళ్ళు ఒకే చోట పెట్టారనుకోండి. ముందు మగ కోతులు, తర్వాత మందలో పైమెట్టు మీదున్న ఆడ కోతులు వచ్చి దవడ సంచుల్లో కుక్కుకుంటాయి. చిన్నవి, బలహీనమైనవి దూరంగా కూర్చుని చూస్తుంటాయి. వాటికి దక్కేది కొట్లాట, గాట్లు. అలా ఖాళీ కడుపుతో మిగిలినవే మెట్లు దిగి వంటగదుల్లోకి, చెత్తబుట్టల దగ్గరికి, పిల్లల చేతుల దగ్గరికి వస్తాయి. "అందరికీ సరిపోయేలా ఇంకొంచెం ఎక్కువ పెడతాను" అన్నారు ఒకామె నాతో. ఎక్కువ పెడితే ఎక్కువ కోతులు వస్తాయి, పక్క మంద కూడా వస్తుంది, అప్పుడు రెండు మందలు మీ మేడ మీదే కొట్లాడుకుంటాయి.

సంతానం సంగతి కూడా చెప్పాలి. ఆడ కోతి గర్భం సుమారు ఐదున్నర నెలలు. అడవిలో తిండి తక్కువైన ఏడాది చాలా ఆడ కోతులు ఈనవు. ఏడాది పొడవునా చపాతీలు, పళ్ళు, అన్నం దొరికే చోట మాత్రం ఏటా ఒక పిల్ల, మొదటి ఈత కూడా త్వరగా. మూడేళ్ళ కింద మీ మేడ మీదికి ఎన్ని వచ్చేవి, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి అని అమ్మనే అడగండి. వాళ్ళు బాగా గుర్తుపెట్టుకుంటారు, కొన్నిటికి పేర్లు కూడా పెట్టి ఉంటారు.

మీ ఇంటికి వచ్చేవి ఏ రకమో ఒకసారి తోక చూడండి. తోక పొట్టిగా, ఒంట్లో సగమో అంతకన్నా తక్కువో ఉండి, వెనక భాగం ఎర్రగా ఉంటే అవి రీసస్ కోతులు. తోక ఒంటికన్నా పొడుగ్గా ఉండి, నెత్తి మీద వెంట్రుకలు టోపీలా చుట్టూ విరుచుకుని ఉంటే బానెట్ కోతులు. ఒకప్పుడు మన వైపు గోదావరిని వీటి మధ్య హద్దుగా చెప్పేవారు, ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్. ఇప్పుడు ఆ హద్దు చెరిగిపోయింది. రీసస్ నది దాటి దక్షిణానికి వచ్చేసింది. ఊళ్ళల్లో పట్టిన కోతులను లారీల్లో తీసుకెళ్ళి ఎక్కడో వదిలేయడం అందుకు ఒక కారణం. మన సొంత జీవి అయిన బానెట్ కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అది తగ్గిపోతూ అంతర్జాతీయంగా ముప్పులో ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. కోతి మీద నిజంగా ప్రేమ ఉన్న ఎవరికైనా ఇది బాధ కలిగించే సంగతే.

పోస్ట్‌మార్టంలో నేను చూసింది కూడా రాయాలి. తిండి పెట్టే చోట పెరిగిన కోతుల కడుపులో బిస్కెట్ ప్యాకెట్ల కవర్లు, ప్రసాదం కట్టిన పాలిథిన్, ఒకసారైతే దారంతో సహా పూలదండ ముక్క దొరికాయి. రోడ్డు మీద బండి కింద పడినవి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షాక్ కొట్టినవి లెక్కలేనన్ని. ఒక తల్లి కోతి చనిపోయిన పిల్లను మూడు రోజులు చంకన వేసుకుని తిరిగింది, నా ఆసుపత్రి ఎదురుగా ఉన్న చెట్టు మీదే. ఆ పిల్ల చనిపోయింది రోడ్డు మీద ఎవరో కారులోంచి విసిరిన అరటిపండు కోసం దిగి. శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు దాటాక నల్లమలలో చూడండి, రోడ్డు పక్కన వరసగా కూర్చుని ఉంటాయి. వెనక అంత అడవి ఉంటే అవి రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాయి. నాకు ఆ దృశ్యం ఎప్పుడు చూసినా కడుపులో దేవినట్టుంటుంది. "ఇంటి దగ్గర కాకుండా అడవి పక్క రోడ్డు మీద పెడితే తప్పేంటి" అని చాలామంది అడుగుతారు. తప్పు ఇదే.

కోతికి పెట్టే తిండి కోతితోనే ఆగదు. మిగిలింది కుక్కలు, పందులు తింటాయి. అడవి అంచున ఉన్న ఊళ్ళల్లో వాటి వెనక చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలను నడకదారిలో పంపడం ఆపింది, భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. దారిలో కోతులకు, ఇతర జంతువులకు ఎవరూ ఆహారం పెట్టకూడదని కూడా గట్టిగా చెప్పింది. స్వామి కొండ మీదే ఆ మాట చెప్పారని అమ్మకు చెప్పండి. నేను చెప్పేదానికన్నా అది ఆమెకు బలంగా తగులుతుంది.

ఇంకో భయం నాకు మీ అమ్మగారి గురించే. ఆమె వయసు 68 అని రాశారు, పెట్టేది మేడ మీద. కోతుల వల్ల పెద్దవాళ్ళకు జరిగే పెద్ద గాయాలు నేను చూసినంతలో కాటు వల్ల కన్నా పడిపోవడం వల్లే ఎక్కువ. రెండు మగ కోతులు హఠాత్తుగా కొట్లాడుకుంటూ మీదికి వస్తే వెనక్కి అడుగు వేస్తారు, వెనక పిట్టగోడ ఉంటుంది, లేదా మెట్లు ఉంటాయి. 2007 అక్టోబరులో ఢిల్లీ డిప్యూటీ మేయర్ ఎస్.ఎస్. బజ్వా తన ఇంటి బాల్కనీలో కోతులు మీదికి రావడంతో కింద పడి చనిపోయారు. అంతటి ఊళ్ళో, అంతటి పదవిలో ఉన్న మనిషికే అలా జరిగింది.

చట్టం గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. సింగపూర్‌లో 2020 నుంచి అడవి జంతువులకు తిండి పెట్టడం నేరం, మొదటిసారికే 5,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా. హాంకాంగ్‌లో 2024లో శిక్షలు ఇంకా పెంచారు, జైలు కూడా పడవచ్చు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో రీసస్ కోతిని రక్షిత జాబితాల నుంచి తీసేశారు. దానర్థం ఎవరైనా కొట్టొచ్చని, విషం పెట్టొచ్చని కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం వాటికీ వర్తిస్తుంది. గోడ మీద కరెంటు తీగ పెడదామని మీ కాలనీలో ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపండి, దాని మీద మనిషి చేయి కూడా పడుతుంది. కోతులు బెదురుతాయని కొండెంగను తెచ్చి కట్టేద్దామంటారు ఇంకొందరు. కొండెంగను పట్టి ఉంచుకోవడం కూడా నేరమే.

ఇక ఆపడం ఎలా. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు.

రోజూ పెట్టే తిండి ఒక్కసారి ఆగితే కోతులు రెండో రోజే వెళ్ళిపోవు. మొదటి రెండు మూడు వారాలు ఇంకా ఎక్కువ గోల చేస్తాయి. తలుపులు కొడతాయి, కుండీలు పడేస్తాయి, డిష్ వైర్లు పీకుతాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్ళ మనసు కరిగి "పాపం, ఈ ఒక్కరోజు" అని నాలుగు పళ్ళు వేస్తారు. అది అన్నిటికన్నా చెడ్డ పని. రోజూ పెట్టడం కన్నా అప్పుడప్పుడు పెట్టడం వల్ల కోతి ఇంకా మొండిగా తయారవుతుంది, ఎందుకంటే ఎంత గోల చేస్తే దొరుకుతుందో దానికి తెలిసిపోతుంది. అందుకే మొదలుపెట్టే ముందే అందరూ తేల్చుకోవాలి. మీ ఇంట్లో ఒక్కరు ఆపితే చాలదు, మూడిళ్ళ అవతల ఇంకొకరు పెడుతుంటే ఫలితం ఉండదు. వీధి గుడి పూజారి గారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి, కొబ్బరి చిప్పలు, ప్రసాదం బయట పారేయకుండా మూత ఉన్న డబ్బాలో వేసేలా.

ఆపే రోజుకు ముందు వారం ఇంటి పని చేసుకోండి. వంటగది కిటికీలకు గట్టి ఇనుప జాలీ, వాటర్ ట్యాంకు మూతకు గొళ్ళెం, చెత్తబుట్టకు బిగుతైన మూత. చెత్త బండి వచ్చేదాకా చెత్త లోపలే ఉండాలి. మేడకు ఆనుకుని ఉన్న జామ కొమ్మలు, మామిడి కొమ్మలు కొట్టించండి, కోతి దూకలేనంత దూరం, కనీసం రెండు మూడు మీటర్లు. డ్రైనేజీ పైపు చుట్టూ నున్నటి రేకు చుడితే ఎక్కడం కష్టమవుతుంది. పెరట్లో పండ్ల చెట్టు ఉంటే దోరగా ఉండగానే కోసేయండి.

అమ్మను ఆ మూడు వారాలు, అవి వచ్చే సమయంలో, మేడ మీదికి వెళ్ళనీయకండి. వాటికి ఆమె ముఖం, చీర, నడక అన్నీ గుర్తు. ఖాళీ చేతులతో ఆమె కనిపిస్తే, ఇన్నాళ్ళూ ముట్టుకోని కోతి మొదటిసారి మీదికి రావచ్చు. కుదిరితే ఆ కొన్నాళ్ళు చెల్లెలి ఇంటికో, అక్క ఇంటికో పంపండి. అక్కడ ఆమెకూ మనసు కాస్త తేలికపడుతుంది.

ఎదురుపడితే ఏం చేయాలో పిల్లలకు ఆటలా నేర్పండి. కళ్ళలోకి చూడకూడదు. పళ్ళు కనిపించేలా నవ్వకూడదు, కోతుల భాషలో పళ్ళు చూపించడానికి మన నవ్వుకున్న అర్థం లేదు. పరిగెత్తకూడదు, వీపు చూపించకూడదు. రెండు చేతులూ తెరిచి ఖాళీ అని చూపించి, పక్కకు చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. చేతిలో ఉన్నది పట్టుకుందంటే వెంటనే వదిలేయాలి, బిస్కెట్ ప్యాకెట్ కన్నా చేయి ముఖ్యం. పెద్దవాళ్ళు కర్ర పట్టుకుంటే నేల మీద కొట్టి చప్పుడు చేయాలి గానీ కోతిని కొట్టకూడదు. పిల్ల కోతి దగ్గరికి అస్సలు వెళ్ళకూడదు, మంద మొత్తం మీద పడుతుంది.

కాలనీవాళ్ళు "కోతులు పట్టేవాళ్ళను పిలిచి ఎత్తించేద్దాం" అంటున్నారని రాశారు. తిండి అలాగే ఉంచి మందను ఎత్తించేస్తే ఆ ఖాళీలోకి ఇంకో మంద వస్తుంది, నేను చాలా ఊళ్ళల్లో చూశాను. ఎత్తుకెళ్ళినవి ఇంకో ఊరి నెత్తిన పడతాయి. నిర్మల్ దగ్గర చించోలి (బి) గ్రామంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం పెట్టారు, అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారు. ఆపరేషన్ చేస్తే ఉన్న కోతి అల్లరి తగ్గదు, ముందు ముందు సంఖ్య పెరగదు, అంతే. మంద మందకీ చేయాల్సిన పని కాబట్టి మీ కాలనీ అంతా సంతకాలు పెట్టి మున్సిపాలిటీకి, అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు అర్జీ ఇవ్వండి. కానీ దానికోసం ఎదురుచూస్తూ తిండి ఆపడం వాయిదా వేయకండి.

చివరగా అమ్మతో మాట్లాడే తీరు. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టింది ఇదే. నాన్నగారు పోయాక మొదలుపెట్టారన్నారు. పొద్దున లేవగానే ఎవరో తన కోసం ఎదురుచూస్తున్నారు అన్న భావన ఆమెకు ఆ కోతులు ఇస్తున్నాయి. "నీ వల్లే పాపకు దెబ్బ తగిలింది" అనే మాట దయచేసి మీ నోట రానీయకండి. ఆమె చెడు చేయాలని చేయలేదు. దగ్గర కూర్చుని ఆ మందలో పిల్ల కోతుల గురించి అడగండి. తల్లులు వాటికి ఏ చెట్టు చిగురు తినాలో, ఏ కాయ ఎప్పుడు పండుతుందో నేర్పాల్సిన వయసులో, మన మేడ ఎక్కడం మాత్రమే నేర్పుతున్నాయి, రేపు ఈ కాలనీలో ఎవరో కోపంతో విషం పెడితే పోయేవి అవే అని చెప్పండి. ఒక పెద్దావిడకు నేను ఇలాగే చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి శనివారం స్వామికి ఏం పెట్టను" అని అడిగింది. గుడిలో అన్నదానానికి బియ్యం ఇవ్వమన్నాను. అటవీ శాఖవాళ్ళు ఊరికి దూరంగా అడవిలో మేడి, నేరేడు, రావి మొక్కలు నాటే రోజు ఆమెను జీపులో తీసుకెళ్ళి నాలుగు మొక్కలు పెట్టించాను. ఒకటి వాళ్ళాయన పేరు మీద. ఏటా వానాకాలం అది ఎంత ఎదిగిందో ఫోన్ చేసి అడిగేది. మీ ఊరికి దగ్గరలో అలాంటి చోటు ఉంటుంది, కనుక్కోండి. ఇళ్ళ మధ్య మాత్రం ఆ చెట్లు వద్దు.

పొద్దున ఆ అరగంట ఖాళీ అవుతుంది ఆమెకు. ఆ అరగంట మీరో, మీ పిల్లలో ఆమె పక్కన ఉండేలా చూడండి. పాప డోసుల సంగతి ఈ రోజే కనుక్కోండి. తిండి ఆపిన రెండో వారం ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఆ వారమే కష్టంగా ఉంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే అప్పటి పరిస్థితిని బట్టి చెప్తాను.